రేపటి తుపాకులు: బొమ్మలో భేష్, బురదలో తుస్!

గన్‌మన్ భుజాన స్టార్ వార్స్

ఎమ్మెల్యేగారి కారు ఆగీ ఆగగానే ముందు సీట్లోంచి దిగే గన్‌మన్ గుర్తున్నాడా? ఒకప్పుడు ఆయన భుజాన నల్లటి పొట్టి తుపాకీ ఒకటి వేలాడేది. గొట్టం చుట్టూ చిల్లుల తొడుగు, ఎడం పక్కకి అడ్డంగా పొడుచుకొచ్చిన వంకర మ్యాగజైన్. పోలీసులు దాన్ని కార్బైన్ అనేవాళ్లు. బ్రిటన్‌లో పుట్టిన ఈ స్టెర్లింగ్ తుపాకీని మన కాన్పూర్ ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి తయారు చేశారు. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్'లో తెల్ల కవచాల సైనికులు నక్షత్రాల మధ్య ఝుళిపించిన బ్లాస్టర్ ఏదో కాదు, అదే స్టెర్లింగ్.

షూటింగ్ ఇంగ్లండ్‌లో జరగడంతో కళావిభాగం వాళ్లకు స్టెర్లింగులు సులువుగా అద్దెకు దొరికాయి. పొడవాటి మ్యాగజైన్ పీకేసి పొట్టిది తగిలించారు. చిల్లుల తొడుగు పొడవునా నల్లటి ప్లాస్టిక్ పట్టీలు అతికించారు. పైన పాత మిలటరీ దుర్బిణి, పక్కన ఫ్యాక్టరీ యంత్రాల్లో అంకెలు తిరిగే చిన్న కౌంటర్ డబ్బా. అంతే, గెలాక్సీ సామ్రాజ్యపు ఆయుధం సిద్ధం! కొన్ని సీన్లలో ఉత్తుత్తి తూటాలు నిజంగానే పేల్చారు. కాంతి కిరణాలు మాత్రమే రావాల్సిన బ్లాస్టర్‌లోంచి ఇత్తడి ఖాళీలు ఎగిరిపడుతుండటాన్ని సినిమాను ఆపి ఆపి చూసే అభిమానులు ఎప్పుడో పట్టేశారు.

అదే సినిమాలో హీరో హాన్ సోలో నడుముకి వేలాడేది ఇంకా పాతది. 1896 నాటి జర్మన్ మౌజర్ పిస్టల్‌కి ఒక దుర్బిణి, గొట్టం కొసకు మరో తుపాకీ తాలూకు మూతి బిగించారు. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'లో హీరో పిస్టల్ ఆస్ట్రియా వేట రైఫిల్ భాగాలూ, అమెరికన్ రివాల్వర్ భాగాలూ కలిపి కుట్టిన బొంత. 'రోబోకాప్' తొడలోంచి బయటికొచ్చేది బెరెట్టా 93ఆర్ పిస్టలే, మూతి దగ్గర పొడవు పెంచారు. 'ఏలియన్స్' సినిమాలోని పల్స్ రైఫిల్‌ని విప్పి చూస్తే లోపల రెండో ప్రపంచ యుద్ధపు థాంప్సన్ సబ్‌మెషిన్ గన్, దాని కింద ఒక పంప్ షాట్‌గన్, మీద అల్యూమినియం డొక్కు. అదే సినిమాలో సైనికులు నడుముకి తగిలించుకు తిరిగిన 'స్మార్ట్ గన్' హిట్లర్ సైన్యం వాడిన ఎంజీ42. దాన్ని మోయడానికి కెమెరామెన్ వేసుకునే స్టెడీక్యామ్ పట్టీలు వాడారు.

ఇదంతా పిసినారితనం వల్ల జరిగిందనుకోకండి. అసలు తుపాకీ చేతిలో ఉంటే దాని బరువుకి నటుడి మణికట్టు నిజంగానే వంగుతుంది, పేల్చినప్పుడు భుజం నిజంగానే అదురుతుంది, మూతి దగ్గర మంట నిజంగానే వెలుగుతుంది. ప్లాస్టిక్ బొమ్మ చేతికిచ్చి అదిరినట్టు నటించమంటే ఎంతటి నటుడైనా తేలిపోతాడు.

గీసినవాడు ఎప్పుడూ పేల్చలేదని ఎలా తెలుస్తుంది?

వీడియో గేములకీ, సినిమాలకీ రేపటి తుపాకులు గీసే చిత్రకారులు ఇప్పుడు ప్రపంచమంతటా వేలల్లో ఉన్నారు. కొందరి గీత చూస్తే కళ్లు చెదురుతాయి. అయితే తుపాకీ వాడినవాడికి ఆ బొమ్మలో మొదట కనిపించేవి వేరు.

ట్రిగ్గర్ చుట్టూ కాపుదల కమ్మీ ఉండదు. ఒరలోకి తోసేటప్పుడు చొక్కా అంచు తగిలినా చాలు, పేలి సొంత కాలికే తగులుతుంది. మ్యాగజైన్ ఒక మూల ఉంటుంది, గొట్టం ఇంకో మూల ఉంటుంది. మధ్యలో తూటా ఏ దారిన వెళ్తుందో గీసినవాడికే తెలియాలి. ఖాళీలు బయటికి పడే కిటికీ ఉండదు, లేదా సరిగ్గా పేల్చేవాడి చెంప ఎదురుగా ఉంటుంది. గురి చూసే చోట అలంకారంగా ఓ మూపురం లేస్తుంది. అన్నిటికన్నా ముచ్చట, తుపాకీ నిండా నీలం దీపాలు. చీకట్లో మాటు వేసిన సైనికుడు తన ఆచూకీ తానే దండోరా వేసుకోవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

'స్టార్ ట్రెక్' రెండో తరం సీరియల్లో ఫేజర్ అనే చేతి ఆయుధాన్ని చూసి అమెరికన్ అభిమానులు చేతి వ్యాక్యూమ్ క్లీనర్ అని పేరు పెట్టుకున్నారు. దానికి గురి చూసే ఏర్పాటే లేదు. అయినా ఎన్నేళ్లయినా గురి తప్పిందెక్కడ? స్క్రిప్టులో ఉన్నంత గురి ఏ దుర్బిణిలోనూ దొరకదు.

వెనకవైపు మ్యాగజైన్ మోజు

రేపటి తుపాకీ గీయమంటే నూటికి తొంభైమంది గీసేది బుల్‌పప్. అంటే ట్రిగ్గర్ ముందూ, మ్యాగజైనూ యంత్రాంగమూ దాని వెనకా ఉండే రకం. గొట్టం పొడవు తగ్గకుండా మొత్తం తుపాకీ పొట్టిదవుతుంది. ఊహ బాగుంది, పాతది కూడా. ఆస్ట్రియా సైన్యం 1977లోనే స్టెయర్ ఆగ్ తీసుకుంది, ఫ్రాన్స్ ఆ వెంటే ఫమాస్ తెచ్చుకుంది. బెల్జియం వాళ్ల పీ90 మరీ విచిత్రం. 50 తూటాల మ్యాగజైన్ తుపాకీ నెత్తిమీద పడుకుని ఉంటుంది, తూటాలు అడ్డంగా ఉండి, గొట్టంలోకి వెళ్లే ముందు 90 డిగ్రీలు తిరుగుతాయి. 'స్టార్‌గేట్' సీరియల్ వాళ్లకు అది ఏ అలంకారమూ లేకుండానే గ్రహాంతర యాత్రకు పనికొచ్చింది.

కానీ చంక కింద చెయ్యి పెట్టి మ్యాగజైన్ మార్చడం ఇబ్బంది, ఎడం భుజంతో పేల్చేవాడికి ఖాళీలు ముఖం మీదికొస్తాయి, ట్రిగ్గర్ నుంచి యంత్రాంగం దాకా పొడవాటి కడ్డీ ఉండటంతో నొక్కుడు మెత్తగా తగులుతుంది. న్యూజిలాండ్ స్టెయర్‌ని పక్కనపెట్టింది. ఫ్రాన్స్ ఫమాస్‌కి బదులు మామూలు ఆకారపు హెచ్‌కే416 తీసుకుంది. చైనా కూడా తన బుల్‌పప్‌ని దించేసి క్యూబీజెడ్-191 అనే సంప్రదాయ రైఫిల్ చేతబట్టింది. మన ప్రత్యేక దళాల చేతుల్లో మాత్రం ఇజ్రాయెల్ బుల్‌పప్ టావోర్ ఇంకా కనిపిస్తుంది.

ఇత్తడి చేసే ఊడిగం

సైన్స్ ఫిక్షన్ తుపాకులన్నిటిలో ముందు ఎగిరిపోయేది తూటా తొడుగు. ఖాళీలు ఏరుకోవడం పాతకాలపు పని, రేపటి తుపాకీలో అవి ఎందుకు అనుకుంటారు. ఆ ఇత్తడి తొడుగు ఎంత చాకిరీ చేస్తుందో చూడండి. మందుకి చెమ్మ తగలనివ్వదు. పేలిన క్షణంలో ఉబ్బి గది గోడలకు అతుక్కుపోయి మంటను వెనక్కి, అంటే పేల్చేవాడి ముఖం మీదికి రానివ్వదు. చివరగా, కాలే గిన్నెని మసిగుడ్డతో పట్టి అవతల పడేసినట్టు, తుపాకీ పొట్టలోని వేడిలో కొంత తనతో పాటు మోసుకుపోయి బయట పడుతుంది. ఈ మూడో పని ఎంత ముఖ్యమో జర్మన్లకు కోట్ల మార్కులు ఖర్చయ్యాక తెలిసింది.

1960ల చివర్లో పశ్చిమ జర్మనీలో హెక్లర్ అండ్ కోఖ్ కంపెనీ జీ11 అనే రైఫిల్ మొదలుపెట్టింది. దాని తూటాకి తొడుగే లేదు. మందుని గట్టి దిమ్మలా అచ్చుపోసి, దాని పొట్టలో 4.73 మిల్లీమీటర్ల గుండు దూర్చారు. పేలితే ఏమీ మిగలదు, అంతా కాలిపోతుంది. బరువు తగ్గడంతో, పాత జీ3 రైఫిల్ తూటాలు 100 మోసే బరువులో వీటిని 500 దాకా మోయొచ్చని లెక్క తేలింది. మ్యాగజైన్ గొట్టానికి సమాంతరంగా పైన పడుకుని ఉంటుంది, అందులో తూటాలు ముక్కు కిందికి పెట్టి నిలబడతాయి. గుండ్రంగా తిరిగే ఒక గది ఒక్కో దిమ్మని అందుకుని పావు చుట్టు తిరిగి గొట్టానికి ఎదురు నిలబెడుతుంది.

అసలు చమత్కారం మూడు తూటాల వరుసలో ఉంది. నిమిషానికి 2000కు పైబడిన వేగంతో మూడూ వెళ్లిపోతాయి. గొట్టమూ యంత్రాంగమూ మ్యాగజైనూ కలిసి డొక్కు లోపలే వెనక్కి జారుతాయి గనక, తన్నుడు భుజానికి తెలిసేసరికి మూడో గుండు కూడా బయట ఉంటుంది. గురి చెదరడానికి వ్యవధే లేదు. డొక్కు విప్పితే లోపల పళ్ల చక్రాలు, మీటలు, కడ్డీలు. గడియారాలు బాగుచేసేవాడు కూడా ఓసారి కళ్లజోడు తుడుచుకోవాల్సిందే.

చిక్కంతా వేడి దగ్గర వచ్చింది. వరసగా పేల్చితే గది కాగుతుంది. మోసుకుపోయే ఇత్తడి లేదు. తర్వాతి దిమ్మ ఆ గదిలోకి రాగానే ట్రిగ్గర్ నొక్కకుండానే అంటుకుంటుంది. నాటో పరీక్షల్లో పరువు పోయింది. డైనమిట్ నోబెల్ కంపెనీ రసాయన నిపుణులు కూర్చుని, ఎక్కువ వేడికి గానీ అంటుకోని కొత్త మందు తయారుచేశారు. అది పనిచేసింది కూడా. ఇరవయ్యేళ్ల శ్రమ ఫలించి రైఫిల్ సైన్యంలోకి వెళ్లబోతుండగా బెర్లిన్ గోడ కూలింది. తూర్పు నుంచి దండెత్తి వచ్చేవాడు లేడు, కలిసిపోయిన దేశానికి ఖర్చులు బోలెడు. జీ11 అటకెక్కింది. 1990ల్లో జర్మన్ సైన్యం తీసుకున్న జీ36 ఇత్తడి తొడుగుల తూటాలతో, ఎవరికైనా అర్థమయ్యే యంత్రాంగంతో వచ్చింది. నన్నడిగితే, రేపటి తుపాకీ అనే బిరుదు దక్కాల్సింది ఒక్క జీ11కే. మిగతావాటికి బుద్ధి చాలలేదు, దానికి కాలం కలిసిరాలేదు.

రాకెట్ పిస్టల్: దగ్గరైతే భయం లేదు

1960ల్లో అమెరికాలో ఎంబీ అసోసియేట్స్ అనే సంస్థ జైరోజెట్ అనే పిస్టల్ అమ్మింది. అందులోది తూటా రూపంలో ఉన్న 13 మిల్లీమీటర్ల బుల్లి రాకెట్. వెనక నాలుగు వాలు రంధ్రాలు, వాటిలోంచి వాయువు ఎగజిమ్మి రాకెట్‌ని ముందుకి తోస్తూ, గిర్రున తిప్పుతుంది కూడా. పిస్టల్ యంత్రాంగం తలకిందులు. సుత్తి తూటాని వెనక నుంచి కొట్టదు. ముందు నుంచి ముక్కు మీద కొట్టి, వెనకున్న సూది మీదికి తోస్తుంది. రాకెట్ వెలిగి బయటికి వెళ్తూ దారిలో ఉన్న ఆ సుత్తిని కిందికి నొక్కి, మళ్లీ ఎక్కుపెట్టి మరీ పోతుంది. ఖాళీలు లేవు, తన్నుడు దాదాపు లేదు, గట్టి గొట్టం అక్కర్లేదు గనక పిస్టల్ తేలిక. 1967 నాటి జేమ్స్ బాండ్ సినిమా 'యూ ఓన్లీ లివ్ ట్వైస్'లో ఇవి మెరిశాయి.

లోపం రాకెట్ స్వభావంలోనే ఉంది. మామూలు గుండు గొట్టం దాటేటప్పుడే పూర్తి వేగం అందుకుంటుంది, ఆ తర్వాత తగ్గడమే. రాకెట్ నెమ్మదిగా బయలుదేరి దూరం వెళ్లేకొద్దీ పుంజుకుంటుంది. పిస్టల్‌తో అవసరం పడేది చేతికందే దూరంలో. సరిగ్గా అక్కడే జైరోజెట్‌కి బలం చాలదు. దూరంగా ఉన్నవాణ్ని కొడదామంటే గురి నిలవదు, ఎందుకంటే ఆ నాలుగు రంధ్రాల్లో ఒకటి వెంట్రుకవాసి తేడాగా ఉన్నా రాకెట్ పక్కదారి పడుతుంది. చెమ్మ తగిలితే కొన్ని అసలు వెలగవు. వియత్నాం అడవుల్లో చెమ్మకేం కొదవ? తయారీ ఆగిపోయింది. ఈనాడు ఆ బుల్లి రాకెట్ ఒక్కటి కొనాలన్నా సేకర్తలు వంద డాలర్ల పైమాటే చెల్లిస్తున్నారు. పేల్చడానికి చేతులు రావు మరి.

మన తాతలూ కలలు కన్నారు

లండన్ లాయరు జేమ్స్ పకిల్ 1718లో ఒక తుపాకీకి పేటెంట్ తీసుకున్నాడు. ముక్కాలి పీట మీద ఒకే గొట్టం, వెనక చేత్తో తిప్పే అరల చక్రం. విశేషం గుళ్లలో ఉంది. క్రైస్తవుల మీద పేల్చడానికి గుండ్రటివి, తురుష్కుల మీదికి నలుపలకలవి! నలుపలకల గుండు ఎక్కువ నొప్పి పెడుతుందని నమ్మకం. కొన్నేళ్ల తర్వాత వానలో చేసిన ప్రదర్శనలో అది 7 నిమిషాల్లో 63 సార్లు పేలింది. ఆ కాలానికి అది అద్భుతమే. అయినా అది పెద్దగా అమ్ముడుపోలేదు.

అక్బరు కొలువులో పదిహేడు తుపాకుల్ని కలిపి ఒకే వత్తితో ఒక్కసారిగా పేల్చే ఏర్పాటు ఉన్నట్టు 'ఐన్-ఇ-అక్బరీ' చెబుతుంది. లియొనార్డో డావించీ కాగితాల్లోనైతే 33 గొట్టాల బండి ఉంది, ఆవిరితో పేలే ఫిరంగి కూడా ఉంది. ఆ ఆవిరి ఫిరంగి ఊహ ఆర్కిమిడీస్‌దని ఆయనే రాసుకున్నాడు.

వీళ్లందరికన్నా నాకు ముచ్చటేసేది జిరండోని గాలి తుపాకీ. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం చేతికొచ్చింది. ఎదుటివాడు మూతిలోంచి మందు కూరి, గజంతో దట్టించి ఒక్కో గుండే పేలుస్తుంటే, ఇది పొగా మంటా లేకుండా వరసగా ఇరవై దాకా గుళ్లు వదిలేది. తుపాకీ మడమే గాలి తిత్తి. దాన్ని నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టాలి. తోలు మూతలు ఎండితే గాలి కారిపోతుంది. యుద్ధం మధ్యలో పంపు చెడితే చేతిలో మిగిలేది దుడ్డుకర్ర. 1800ల మొదట్లో అమెరికా పడమటి అంచు దాకా వెళ్లిన లూయిస్, క్లార్క్ బృందం ఇలాంటి గాలి తుపాకీనే వెంట తీసుకెళ్లి, దారిలో తారసపడిన తెగల ముందు ప్రదర్శించేది. మందూ పొగా లేకుండా ఎలా పేలుతోందో, ఇంకా ఎన్నిసార్లు పేలుతుందో చూసేవాళ్లకు అంతుపట్టేది కాదు. భయపెట్టడానికి అదే చాలింది.

నిమిషానికి పది లక్షలు, కానీ...

ఆస్ట్రేలియాకు చెందిన మైక్ ఓడ్వయర్ గొట్టంలో గుళ్లని ఒకదాని వెనక ఒకటి, మధ్యమధ్య మందు పెట్టి పేర్చి, కరెంటుతో ముట్టించే పద్ధతి కనిపెట్టాడు. కదిలే భాగం ఒక్కటీ లేదు. మెటల్ స్టార్మ్ అని పేరు. 36 గొట్టాల నమూనా నిమిషానికి పది లక్షల తూటాల వేగం చూపించింది. పత్రికలన్నీ ఆ అంకెను పతాక శీర్షికలకెక్కించాయి.

ఆ ప్రయోగంలో పేలినవి 180 గుళ్లు. సెకనులో వందో వంతులో అయిపోయాయి. ఆ తర్వాత? గొట్టాలు మళ్లీ నింపాలి, లేదా మార్చాలి. నిమిషంలో మిగిలిన 59.99 సెకన్లూ సైనికుడు ఏం చేస్తాడన్నదే ఎవరూ జవాబివ్వని ప్రశ్న. కంపెనీ 2012లో చేతులెత్తేసింది.

మూల తిరిగే గొట్టం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎస్‌టీజీ44 రైఫిల్ కొసకు 30 డిగ్రీలు వంచిన గొట్టం తగిలించి, అద్దాల దుర్బిణి పెట్టి గోడ మూల చాటు నుంచి పేల్చారు. గుండు వంపు తిరిగింది, నిజమే. కానీ వంపులో రాసుకుని కొన్ని ముక్కలయ్యేవి. సుమారు 300 గుళ్లకే గొట్టం అరిగిపోయేది. ఇదే అవసరాన్ని 2003లో ఇజ్రాయెల్ వాళ్ల కార్నర్‌షాట్ తీర్చింది. గొట్టాన్ని వంచలేదు, తుపాకీకే మధ్యలో మడతబందు పెట్టి ముందు కెమెరా బిగించారు. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కూడా ఇలాంటిది రూపొందించింది.

కాంతితో కాల్చడం ఎంత కష్టం?

లేజర్ తుపాకీ లేని సైన్స్ ఫిక్షన్ సినిమా ఉండదు. మొదట ఒక సంగతి. సినిమాలో ఎర్రటి కడ్డీలా దూసుకుపోతూ, హీరో పక్కకి తప్పుకోవడానికి వ్యవధి ఇచ్చేది లేజర్ కానే కాదు. కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. దాన్ని తప్పించుకునే మొనగాడు పుట్టలేదు. దుమ్మో పొగో లేకపోతే పక్కనున్నవాడికి ఆ కిరణం కనిపించదు కూడా. అంతరిక్షంలో సరేసరి.

ఇక లెక్క చూద్దాం. మామూలు 9 మిల్లీమీటర్ల పిస్టల్ గుండు మోసుకెళ్లే శక్తి సుమారు 500 జౌళ్లు. ఒక కిలోవాట్ లేజర్ అంత శక్తి అందించాలంటే అర సెకను పాటు ఒకే చుక్క మీద నిలవాలి. అర సెకనులో మనిషి ఎంత కదులుతాడు, పట్టుకున్నవాడి చెయ్యి ఎంత వణుకుతుంది? పైగా లేజర్‌కి పెట్టిన కరెంటులో సగానికి పైగా వేడిగా మారి తుపాకీలోనే మిగులుతుంది. మళ్లీ ఆ వేడి తంటానే! బ్యాటరీ సంగతి ఇంకోటి. కిలో లిథియం బ్యాటరీలో సుమారు ఏడు లక్షల జౌళ్లు పడితే, కిలో తుపాకీ మందులో ముప్పై లక్షలకు పైగా ఉంటాయి. పాత మందు ఇంత చవగ్గా, ఇంత పొందిగ్గా ఇచ్చే శక్తికి పోటీ ఇంకా రాలేదు.

అయినా సోవియట్లు ప్రయత్నించారు. 1984లో వాళ్ల వ్యూహాత్మక క్షిపణి దళాల అకాడమీలో వ్యోమగాముల కోసం లేజర్ పిస్టల్ తయారైంది. బ్యాటరీ బెడద లేకుండా, ఆక్సిజన్‌లో జిర్కోనియం భగ్గున మండే ఫ్లాష్ తూటాలు వాడారు. మ్యాగజైన్‌లో ఎనిమిది. ఆ మెరుపే లేజర్‌ని నడిపిస్తుంది. ఉద్దేశం ప్రాణం తీయడం కాదు, శత్రు ఉపగ్రహాల కెమెరా కళ్లు పోగొట్టడం. పరిధి 20 మీటర్లు. శత్రు ఉపగ్రహం మర్యాదగా అంత దగ్గరికొచ్చి నిలబడితే పని జరిగినట్టే.

మనుషుల కళ్లు శాశ్వతంగా పోగొట్టడానికే తయారుచేసే లేజర్ ఆయుధాలను మాత్రం 1995లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. ఆయుధం యుద్ధరంగంలోకి దిగకముందే దాన్ని నిషేధించడం చరిత్రలో అరుదు.

చేతిలో ఇమడని లేజర్ లారీలో ఇమిడింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలులోని డీఆర్‌డీఓ ప్రయోగ క్షేత్రంలో 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం ఎగిరే డ్రోన్లను కూల్చింది. దాన్ని రూపొందించిన చెస్ ప్రయోగశాల హైదరాబాద్‌లో ఉంది. చేతి లేజర్ పిస్టల్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఇందులో ఒక్క అంకె గమనించాలి. పల్చటి డ్రోన్ రెక్క కాల్చడానికే 30 కిలోవాట్లు కావాల్సొచ్చింది!

అయస్కాంతపు తుపాకీ కొనుక్కోవచ్చు

ఇది నిజం. అమెరికాలో ఆర్క్‌ఫ్లాష్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 2021లో జీఆర్-1 ఆన్విల్ అనే విద్యుదయస్కాంత రైఫిల్‌ని 3 వేల డాలర్లకు పైబడిన ధరకు అమ్మకానికి పెట్టింది. మందు లేదు, మంట లేదు. తీగ చుట్టల్లో ఒకదాని తర్వాత ఒకదానిలో కరెంటు పారి ఇనుప కడ్డీని ముందుకి లాగుతుంది. బరువు 9 కిలోలు. శక్తి సుమారు 85 జౌళ్లు, అంటే పిల్లలు గురి నేర్చుకునే .22 రైఫిల్ కన్నా తక్కువ. 9 కిలోలు మోసి అంత దెబ్బ కొట్టడం దేనికంటే, సరదాకి.

పెద్ద అన్న రైల్‌గన్ కథ కూడా ఘనంగానే మొదలైంది. అమెరికా నౌకాదళం 2010లో వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్ల ప్రయోగం చేసి రికార్డు కొట్టింది. ప్రతి పేలుడుకీ లోపలి పట్టాలు కరిగి అరిగిపోతుంటే పదేళ్లకు పైగా కుస్తీపట్టి 2021లో ఆపేసింది. జపాన్ ఇంకా వదల్లేదు, 2023లో ఓడ మీది నుంచి పేల్చి చూసింది. అన్నట్టు, ఇలాంటి తుపాకులకు తన్నుడు ఉండదని సినిమాల్లో చూపిస్తారు. గుండు ముందుకు పోతే తుపాకీ వెనక్కి రావాల్సిందే, తోసింది మందైనా అయస్కాంతమైనా. అదేవిధంగా, గుండు తగిలినవాడు పదడుగులు గాల్లో ఎగిరిపడేట్టయితే పేల్చినవాడూ అంత దూరమూ ఎగిరిపడాలి. మన హీరోలు ఈ సంగతి ఒప్పుకోరు.

యజమానిని గుర్తుపట్టే తుపాకీ

'జడ్జ్ డ్రెడ్' కామిక్స్‌లో పిస్టల్ యజమాని అరచేతిని గుర్తుపడుతుంది. జర్మనీ కంపెనీ ఆర్మాటిక్స్ దాన్ని నిజం చేయబోయి ఐపీ1 పిస్టల్‌ తెచ్చింది. చేతికి ప్రత్యేక గడియారం ఉండి, అది పిస్టల్‌కి జానెడు దూరంలో ఉంటేనే పేలుతుంది. 2017లో ఓ హ్యాకర్ పక్కన అయస్కాంతాలు పెట్టి, గడియారం లేకుండానే పేల్చి చూపించాడు. వాటి ఖరీదు 15 డాలర్లు.

ట్రాకింగ్‌పాయింట్ అనే టెక్సస్ కంపెనీ రైఫిల్ ఇంకా తెలివైనది. లక్ష్యానికి గుర్తు పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే, గురి కుదిరిన క్షణంలో కంప్యూటరే పేల్చేస్తుంది. గాలి, దూరం, వాలు అన్నీ లెక్కగట్టుకుంటుంది. దానికి వైఫై కూడా ఉంది, ఇక చెప్పేదేముంది? 2015లో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఆ వైఫైలోంచి చొరబడి, గురిని పక్కనున్న బొమ్మ మీదికి మళ్లించారు. పేల్చినవాడికి ఏం జరిగిందో అంతుపట్టదు.

అమెరికా సైన్యం ఎక్స్ఎమ్25 కూడా ఇదే కోవలోది. గోడ వెనక దాక్కున్నవాడి నెత్తిమీద గాల్లోనే పేలే 25 మిల్లీమీటర్ల గుండు. దూరాన్ని లేజర్‌తో కొలిచి గుండుకే చెబుతుంది. 2010లో అఫ్ఘానిస్థాన్ వెళ్లింది. కానీ అది పట్టుకున్నవాడు తన మామూలు రైఫిల్ వదిలేసుకోవాలి, గుళ్లు కొద్ది, బరువు మెండు. దాన్ని మోయడానికి ససేమిరా అన్న దళాలున్నాయి. 2013లో ఒకటి సైనికుడి చేతిలో బెడిసికొట్టింది, 2018లో పథకానికి మంగళం పాడారు.

దుర్బిణిలోంచి వచ్చిన భవిష్యత్తు

2022లో అమెరికా సైన్యం కొత్త రైఫిల్ ఎంచుకునేటప్పుడు ముగ్గురు మిగిలారు. ఒకరిది ప్లాస్టిక్ తొడుగు తూటాల బుల్‌పప్. ఒకరిది గుండు మొత్తం తొడుగులో మునిగి ఉండే కొత్త రకం తూటా. మూడోది సిగ్ కంపెనీ లోహపు తూటాల రైఫిల్, పాత ఎమ్16 వంశపు ముఖమే. గెలిచింది మూడోదే. మార్పంతా దాని నెత్తిన కూర్చున్న దుర్బిణిలో ఉంది. దూరం కొలిచే లేజర్, గాలి పీడనం కొలిచే సెన్సర్లు, లెక్క కట్టి గురిచుక్కని జరిపే కంప్యూటర్ అన్నీ అందులోనే.

ఇజ్రాయెల్ వాళ్ల స్మాష్ దుర్బిణి ఇంకో అడుగు ముందుకేసింది. ఏకే రైఫిల్ మీద బిగిస్తే చాలు, ఎగిరే డ్రోన్ మీద తాళం వేసుకుని, తగులుతుందని లెక్క తేలేదాకా ట్రిగ్గర్ నొక్కినా పేలనివ్వదు. మన నౌకాదళం 2020లో వీటిని తెప్పించుకుంటోందని వార్తలొచ్చాయి. అంటే 1947 నాటి తుపాకీ వంశానికి 21వ శతాబ్దపు కళ్లు. చిత్రకారులు తుపాకీ డొక్కుని ఎన్ని వంకర్లు తిప్పారో గానీ, ఈ డబ్బాని మాత్రం ఎవరూ శ్రద్ధగా గీయలేదు. గీసినా పోస్టరు మీద బాగుండదేమో.

అంతరిక్షంలో అసలు తుపాకులు

ఉండేవి. 1974లో సోవియట్లు పంపిన సల్యూత్-3 నిజానికి గూఢచారి స్టేషన్. దాని పొట్ట కింద బాంబర్ విమానపు తోక తుపాకీ లాంటి ఫిరంగి బిగించారు. గురి చూడాలంటే స్టేషన్ మొత్తాన్నీ తిప్పాలి. 1975 జనవరి 24న, మనుషులెవరూ లేనప్పుడు, భూమి నుంచే మీట నొక్కి పేల్చారు. తన్నుడుకి స్టేషన్ దారి తప్పకుండా రాకెట్ ఇంజన్లను అదే సమయంలో మండించాల్సి వచ్చింది.

రెండోది వ్యోమగాముల వెంట ఏళ్ల తరబడి తిరిగింది. 1965లో అలెక్సీ లియొనోవ్, పావెల్ బెల్యాయెవ్‌ల నౌక దారితప్పి ఉరల్ అడవుల్లో మంచులో దిగింది. తోడేళ్లూ ఎలుగుబంట్లూ తిరిగే చోట, సహాయం చేరేదాకా రెండు రాత్రులు గడపాల్సి వచ్చింది. ఆ అనుభవంతో తయారైందే టీపీ-82. పైన రెండు వేట గొట్టాలు, కింద ఒక రైఫిల్ గొట్టం, మడమ విప్పితే కట్టెలు కొట్టే కత్తి. 1986 నుంచి సోయుజ్ నౌకల్లో వెళ్లింది. పిట్టల్ని కొట్టే గుళ్లు, సంకేతపు తారాజువ్వలు కూడా అందులో పేల్చొచ్చు. 2007 ప్రాంతంలో దాన్ని విరమించుకున్నారు. కారణం? దాని ప్రత్యేకమైన తూటాల నిల్వకు గడువు తీరిపోయింది. కొత్తవి చేయించే బదులు మామూలు పిస్టల్ ఇచ్చి పంపారు.